నాలుగొందల మంది మనవాళ్ళు

"రండర్రా, దగ్గరికొచ్చి కూర్చోండి. ఆ గుడ్డపేలికల మీద కాదు, ఇటు అరుగు మీద," అని తమ్ముడి దర్జీ దుకాణం ముందు కూర్చుని పిల్లల్ని పిలిచాడు ఆ పెద్దాయన. వీధి పిల్లలందరికీ ఆయన పెదనాన్నే.

లోపల మరదలు చొక్కాకి బొత్తాలు కుడుతోంది. రెండో మిషను మీద ముసుగు కప్పి ఉంది. ఆమె పని నేర్చుకున్నది దాని మీదే. చీకటి పడేలోగా కొత్త పనేదీ రాకపోతే రేపు దాన్ని అమ్మేద్దామని భర్త తేల్చేశాడు.

"మన దుకాణానికి దిగులేంటి?" అన్నాడు పెదనాన్న. "పోయిన వారం మా గ్రూపులో ఒక్క ముక్క పెట్టా, మా తమ్ముడి కుట్టు చూడండని. నాలుగొందల మంది మనవాళ్ళు! తెల్లారేసరికి అరవై మంది భేష్ అన్నారు."

"అంతేనా?" అన్నాడు పక్క కొట్టు ఇస్త్రీ ఆయన.

"అంతేనా అంటావేంటయ్యా? ఆ అరవై మందీ ఆరువేల మందికి చెప్పారు. వీధి చాలక వచ్చినవాళ్ళ వరస రైలు పట్టాలెక్కింది, రైలాగిపోయింది, ఆ తర్వాత ఏమైందో తెలుసా? డ్రైవరే దిగొచ్చి కొలతలిచ్చాడు!"

పిల్లలు కిసుక్కుమన్నారు.

"నవ్వకండి. సంగతి సముద్రం దాకా పాకి ఓ ఓడ వెనక్కి తిరిగింది, తెరచాప చిరిగిందట. మా తమ్ముడు కునుకు తీస్తూనే కుట్టిచ్చాడు. అది చూసి మబ్బులే దిగొచ్చాయి, అంచులు ఊడిపోతున్నాయి, కాస్త మడిచి కుట్టమని!"

"కుట్టాడా?"

"కుట్టబట్టేగా ఈ వారం చుక్క కారలేదు!"

మరదలు పంటితో దారం తెంపింది. "బావగారూ, ఆ నాలుగొందల మందీ ఎవరండీ?"

"ఇంకెవరమ్మా, ముప్ఫై ఏళ్ళుగా నాతో పనిచేసినవాళ్ళు. అందరూ చేయితిరిగిన దర్జీలే!"

"మరి వాళ్ళ చొక్కాలు ఎవరు కుడతారు?"

ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి మరీ నవ్వాడు. పెదనాన్న ఫోన్ తీసి పేర్లు దొర్లించాడు. దర్జీ, దర్జీ, మళ్ళీ దర్జీ. అట్టడుగున వేలు ఆగింది.

"పాత ఇంట్లో పక్క వాటా ఆవిడ. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికిస్తుంది. సూదిలో దారం ఎక్కించడం కూడా రాదని గ్రూపులో చేర్చలేదు," అని గొణిగాడు.

"ముందు ఆవిడకి ఫోన్ చెయ్యండి," అంది మరదలు.

మూడేళ్ళుగా పలకరింపే లేదని ఆవిడ ముందు నాలుగు వడ్డించింది. తర్వాత, చిరిగిన దుప్పట్లు మూలన పడున్నాయి, కుట్టేవాళ్ళు దొరకడం లేదు, పొద్దున్నే పంపనా అంది.

పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "రెండువేల దుప్పట్లు..." అని మరదలి వైపు చూశాడు. "రెండొందలు."

ఆమె లేచి మిషను మీద ముసుగు లాగేసింది.

"పోండర్రా, ఇళ్ళల్లో కంచాలు పెట్టేసుంటారు, పోయి తినండి," అన్నాడు పెదనాన్న, మిషను నూనె సీసా వెతుకుతూ. "మాకిక్కడ పనుంది."