రెండు వేల అయిదు వందల ఇరవై విస్తళ్లు

రాజుల ఏలుబడిలో ఉన్న బస్తర్. మరైగూడలో ఒక పెళ్లి పందిరి. పెళ్లికూతురి తల్లి నందే, కోంటాలో కొట్టు నడిపే పుల్లయ్య.

“మళ్లా లెక్కపెట్టు చెల్లె.”

“మూడుసార్లు పెట్టిన సావుకారూ. ఒకటి తక్కువే. మేక నమిలి మింగేసింది.”

“అయ్యో, నా అంకె! మూడు దినాలు చింతగింజలు పరిచి పట్టిన అంకె!”

“నీకు గింజలు. ఆకులు కుట్టి కుట్టి మా ఆడోళ్లకు వేళ్లు పోయినయి. ఇంత పెద్దదెందుకు, చిన్నది చెప్పు అంటే లేదంటివి.”

“లేదు మరి! ఇంటికో పొయ్యి లెక్కన, ఒకటి మొదలు పది దాకా ఎన్ని పొయ్యిలకు సమంగ పంచినా ఒక్క విస్తరి మిగలొద్దంటే, రెండు వేల అయిదు వందల ఇరవై కన్న చిన్న అంకె లేనే లేదు. మగపెళ్లోళ్లు ఎన్ని ఇళ్లోళ్లు వస్తరంటే నువ్వేమన్నవు?”

“ఎవరు అలుగుతరో, ఎవరు రారో నాకేం తెలుసు అంటిని. పదికి మించరంటిని. ఒక్కరూ అలగలే. పది పొయ్యిలోళ్లూ వచ్చి కూచున్నరు.”

“మిగిలితే పెళ్లికొడుకు నాయనమ్మ, ఆ మాసే అవ్వ, నిజంగనే మనవణ్ని పందిట్ల నుంచి లేపుకపోతదా?”

“పోతది. మిగిలిన విస్తరి ముంగట దయ్యం కూచుంటదంట. పోయినేడు ఎర్రబోరులో ఒక్కటి మిగిలిందని పెద్ద మనవణ్ని చెయ్యి పట్టి గుంజుకపోయింది. వాడింకా ఒంటిగనే ఉన్నడు.”

“ఇంకొకటి కుట్టెయ్యి.”

“పిల్లకు పసుపు పెట్టినం. పసుపు పెట్టినాక కుట్టొద్దు, పారెయ్యొద్దు. అదీ ఆమె మాటనే. పదికి పంచితే ఎన్ని మిగులుతయి?”

“తొమ్మిది.”

“తొమ్మిది దయ్యాలా!”

“ఒక ఇంటోళ్లను అలిగించి పంపు.”

“పంపితే?”

“ఎనిమిది.”

“రెండిళ్లోళ్లను పంపితే?”

“ఏడు.”

“ఇదేం అంకె సావుకారూ!”

“అంకెననకు! అంకెలో తప్పు లేదు, తప్పంత మేకది. ఒక్క పొయ్యే ఉంటే ఏమీ మిగలదు.”

“అవును, ఆ ఒక్క ఇంటోళ్లే కూచొని అన్ని విస్తళ్లల్ల తింటరు!”

“ఆగు. ఆ అరుపులేంది?”

“పెళ్లికొడుకు బాబాయిలు, సుక్కా, బుధ్రాం. మేకను తెచ్చింది వాళ్లే. తాడు నువ్వు వదిలినవంటే నువ్వని మొదలుపెట్టిన్రు. ఇద్దరిదీ ఒకటే పొయ్యి. ఇగ అన్నతోని కలిసి తిననని బుధ్రాం రాళ్లు మోసుకొచ్చి వేరే పొయ్యి పెడుతున్నడు.”

“వేరే పొయ్యా? పదకొండు... ఉండుండు... రెండు వందల ఇరవై తొమ్మిది చొప్పున... పదకొండు... చెల్లె!”

“ఎన్ని దయ్యాలో చెప్పు!”

“ఒక్కటి లేదు! సరిగ్గ సరిపోయింది! పంచు, జల్దీ పంచు!”

“నేనెట్ల పంచుత? పంచేది మాసే అవ్వ. ఆమె ఆడ అన్నదమ్ములకు రాజీ చేస్తున్నది.”

“రాజీనా? ఉరుకు చెల్లె! ఆ మేకను తీస్కపోయి మళ్లా వాళ్ల నడుమ కట్టు!”