పంపు ఆపినవాడు

రేవులో ఓడ తగలబడిన మర్నాడు, మంటలార్పే పడవలో పంపు నడిపే తమ్ముడు అక్క ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు.

“లోపలికి రారా. బట్టలింకా ఆరలేదేంట్రా?”

“అక్కా, బావ ఓడ మీద నీళ్లు కొట్టింది మా పడవే.”

“తెలుసు.”

“ఆ నీళ్లు లోపల నిండి ఓడ ఒక పక్కకి ఒరిగిపోయింది. ఇంకాస్త కొడితే డెక్కు మీదున్న ఇరవై మందితో సహా తిరగబడేది. ఆపమన్నారు. పంపు ఆపింది నేనే.”

“అప్పటికి మీ బావ?”

“కింద, ఇంజను గదిలో, మంటల మధ్య.”

“తెలిసే ఆపావా?”

“తెలిసే ఆపానక్కా.”

“పైనున్న వాళ్లు?”

“అందరూ దిగారు.”

ఆమె దండెం మీంచి పొడి తువ్వాలు తీసి అతని చేతిలో పెట్టింది.

“పిల్లలడిగితే మాత్రం నీకేం తెలియదని చెప్పు. నాన్న ఎలాగూ లేడు. వాళ్లకి మావయ్యైనా మిగలాలి.”