మేనేజర్‌ని ఏడిపించిన బోర్డు

"నా పేరు చెప్పు తమ్ముడూ, చాలు! ఆ కంపెనీలో నా పేరు చెబితే ఇంటర్వ్యూ మధ్యలోనే ఆపేసి ఆఫర్ లెటర్ చేతిలో పెడతారు," అన్నాడు లక్ష్మీకాంతం, టీ కప్పు పైకెత్తి.

అమెరికాలోని ఇర్వింగ్‌లో ఇండియన్ గ్రోసరీ పక్కనున్న వీరభద్రం టీ కొట్టు. శనివారం సాయంత్రం. జితేందర్‌కి ఉద్యోగం పోయి నలభై నాలుగు రోజులైంది. అరవై రోజుల్లోపు ఇంకోటి దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాల్సిందే. సోమవారం ఇంటర్వ్యూ ఉంది, అదీ లక్ష్మీకాంతం ఇదివరకు పనిచేసిన కంపెనీలోనే. అందుకే టిష్యూ పేపర్ పరిచి, పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. పక్క టేబుల్ దగ్గర శ్రీవిద్య సమోసా తింటూ వింటోంది.

"రాసుకో. నేను చేరేసరికి ఒకే యాప్‌ని నాలుగు టీములు తయారుచేస్తున్నాయి. ఐఫోన్ వాళ్ళు, ఆండ్రాయిడ్ వాళ్ళు, వెబ్‌సైట్ వాళ్ళు, టీవీ వాళ్ళు. ఎవరి పనుల లెక్క వాళ్ళదే. ఒకళ్ళది ఎక్సెల్ షీటు, ఒకళ్ళవి గోడ మీద పసుపు చీటీలు, ఒకళ్ళవి ఈమెయిళ్ళు, టీవీ వాళ్ళదైతే అంతా బుర్రలోనే! ఐఫోన్‌లో పేమెంట్ బటన్ వచ్చేసింది, ఆండ్రాయిడ్ వాడికి అలాంటిదొకటి ఉందనే తెలీదు. నేనేం చేశాను? నలుగురికీ కలిపి, ఏ పని ఎంతదాకా వచ్చిందో అందరికీ కనపడేలా కంప్యూటర్లో ఒక్క బోర్డన్నాను. ఒక్కో ఫీచర్‌కి ఒక్కో కార్డు, దాని కింద టీముకొకటి చొప్పున నాలుగు గడులు, నాలుగూ నిండితేనే కార్డు 'డన్'లోకి, అంటే పూర్తయిన పనుల వరుసలోకి వెళ్ళాలి. అంతే!"

"ఇది మంచిగుందన్నా," అంటూ జితేందర్ గబగబా రాసుకున్నాడు.

"మంచిగుండటమేంటయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆర్నెల్ల పని మొదటి వారంలోనే అయిపోయింది. రెండో వారం నేను బోర్డు వైపు అలా ఓ చూపు చూస్తే చాలు, కార్డులు వాటంతటవే 'డన్'లోకి జరిగిపోయేవి. మా మేనేజర్, ఆరున్నర అడుగుల టెక్సాస్ మనిషి, నా రెండు చేతులూ పట్టుకుని భోరుమని ఏడ్చేశాడు! మూడో వారానికి మా బోర్డు ఎంత స్పీడయిందంటే, ఇంకా రాయని కోడ్‌లో బగ్గులు చూపించడం మొదలెట్టింది."

"రాయని కోడ్‌ల బగ్గులెట్లొస్తయన్నా?"

"ఆండ్రాయిడ్ టీమ్ లీడరూ ఇదే అడిగాడు. నాతో గొడవేసుకుని, విసురుగా వెళ్ళి కోడ్ రాశాడు. సరిగ్గా బోర్డు చెప్పిన లైన్లో, బోర్డు చెప్పిన బగ్గే! మర్నాటి నుంచి నాకు దణ్ణం పెట్టిగానీ సీట్లో కూర్చునేవాడు కాదు."

"ఇంకో టీ పొయ్యమంటారా కాంతం గారూ?" వీరభద్రం కౌంటర్ వెనక నుంచి అడిగాడు.

"పొయ్యి, అల్లం దండిగా వెయ్యి. అసలు సంగతి ఇప్పుడొస్తోంది. ఓ రోజు హైవే మీద రోడ్డు పని వల్ల గంటన్నర ఇరుక్కుపోయాను. ఒళ్ళు మండిపోయి, ఆఫీస్‌కి వెళ్ళగానే ఆ రోడ్డు పేర ఓ కార్డు పెట్టాను. లంచ్‌కి బయటికొచ్చి చూద్దును కదా, రోడ్డుకి అడ్డంగా పెట్టిన ఆరెంజ్ డబ్బాలన్నీ మాయం, నల్లగా నిగనిగలాడే రోడ్డు, పైగా రెండు లేన్లు ఎక్స్‌ట్రా! ఇక ఆగుతానా? నా గ్రీన్ కార్డు ఫైలు కూడా బోర్డు మీద పెట్టేశాను. శుక్రవారానికల్లా ఇంటికొచ్చేసింది!"

జితేందర్ పెన్ను ఆగిపోయింది. "గ్రీన్ కార్డా? మరి మొన్న వీసా ఎక్స్‌టెన్షన్ కోసం లాయర్ దగ్గరికి పోయినవ్ గదన్నా?"

"తిరిగిచ్చేశానయ్యా! వెనక లక్షల మంది క్యూలో నిలబడి ఉంటే నేనొక్కణ్ణీ ఎలా తీసుకుంటాను, మనస్సాక్షి ఉండొద్దూ? సరే, రాసుకో. 'నేను లక్ష్మీకాంతం తమ్ముణ్ణి.' సోమవారం కుర్చీలో కూర్చోగానే మొదటి మాట అదే."

జితేందర్ అదీ రాసుకుని కింద రెండు గీతలు గీశాడు. శ్రీవిద్య చేతులు తుడుచుకుని వాళ్ళ టేబుల్ దగ్గరికి వచ్చింది.

"జితేందర్, నేను పోయిన నెలే అక్కడ టెస్టర్‌గా చేరాను. ఫీచర్‌కో కార్డు, కింద నాలుగు గడులు, ఈ లైను ఉంచుకో. ఇవాళ్టికీ మేం అలాగే చేస్తున్నాం, తప్పకుండా అడుగుతారు. ఆ ఐడియా కాంతం గారిదేనట కూడా."

"విన్నావా! విన్నావా!" లక్ష్మీకాంతం కుర్చీలోంచి లేచిపోయాడు. "వీరభద్రం, అందరికీ టీ!"

"పేరు మాత్రం చెప్పకు," అంది శ్రీవిద్య.

"అదేంటమ్మా అలా అంటావు?"

"బోర్డు మీద పాత టికెట్లు, అదే, ఎప్పటివో పనుల కార్డులు, ఏరేసే పని నాకిచ్చారండీ. మీ పేరుతో ఒకటి దొరికింది. 'లక్ష్మీకాంతం గారికి బోర్డు మీద కార్డు జరపడం నేర్పాలి.' ఈ రెండు వారాలు కాకపోతే వచ్చే రెండు వారాలు అనుకుంటూ తొమ్మిదిసార్లు వాయిదా వేశారు. చివరికి మీ మేనేజరే 'వోంట్ ఫిక్స్' అని పెట్టి మూసేశాడు. ఇక దీన్ని బాగుచెయ్యలేం అని."

వీరభద్రం నవ్వుకి గిన్నెలో టీ కౌంటర్ మీద ఒలికింది. లక్ష్మీకాంతం నెమ్మదిగా కూర్చున్నాడు. జితేందర్ మొదటి లైను ఉంచి, కింద ఉన్నవన్నీ ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాడు. ఒక చోట మాత్రం పెన్ను ఆపి తలెత్తాడు.

"మీ మేనేజర్ భోరుమని ఏడ్చిండంటివి జూడు అన్నా, గదొక్కటి నమ్ముతున్న."