నాలుగో వీధి మూలరాయి

మన పేటలో వీధులన్నీ గీత గీసినట్ల ఎట్లొచ్చినాయి జేజినాయనా అని అడిగితివి గదా? కూచో, చెప్తా. ఈ పొద్దు నా మనసు తేలిగ్గుంది.

ఇదంతా జొన్నచేను మ్మే. నంద్యాల పెరుగుతాందని, ముందే పటం గీసి, ఎనిమిది వీధులు... కాదు, ఏడే, ఎనిమిదోది తర్వాత వచ్చె. రెండు ఎద్దులబండ్లు ఎదురెదురుగా పొయ్యేంత వెడల్పు. నడుమ బడికి జాగా. హద్దురాళ్లు కొట్టింది మటుకు మా ఆళ్లగడ్డలోనే. మా నాయన దేవుళ్లను చెక్కే చేతులతోనే ఆ రాళ్లు కొట్టె. రాయికి ముప్పావలా ఇస్తాండ్రి అప్పుడు.

నాలుగో వీధి మూలన రాయి నాటినాం. సర్వేయరు గొలుసుతో కొలిచి, అన్నానికి పాయె. నేను రాళ్లు తెచ్చిన బండి ఎనక్కి తిప్పితే చక్రం తగిలి రాయి పడె, గుంత చెదిరె. భయమాయె నాకు. అడుగులేసి, అందాజుగా మళ్ల నాటితి. ఎవురికీ చెప్పల్యా, మీ జేజికి కూడా.

ఆ రాయికి అటు అంగడి సుబ్బయ్య, ఇటు రుద్రవరం ఓబులమ్మ ఇండ్లు కట్టుకునిరి. కొన్నేండ్లకు ఇద్దరికీ మాటల్లేవు. నడుమ గోడ లేచె. నా రాయే కొంప ముంచింది, ఒకరి జాగా ఇంకొకరికి పాయె అనుకుంటి. ఆ మూలకాడ తల వంచుకునే పోతాంటి, ఇన్నేండ్లూ!

మొన్న కాలవల పనికని మిషన్ తెచ్చి కొలిచిరి గదా. కర్ర పట్టుకుని ఆడే నిలబడితి. కొలిచే ఆయమ్మ, "రాయి సరిగ్గానే ఉంది తాతా" అనె. మళ్ల చూడమంటి. మళ్ల అదే మాట. నిజం చెప్తాండా, సంతోషానికి ఏడిస్తి.

ఆ ఊపులోనే ఇద్దరినీ పిలిచి, జరిగింది చెప్పేస్తి. మీ కొట్లాటకు నేనే కారణమనుకుంటి అంటి.

"రాయేందన్నా?" అనె ఓబులమ్మ. "వాళ్ల కొడుకు పెండ్లికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలిచిరా నన్ను? వీధిలో నిలబడి కేకేసిరి!"

సుబ్బయ్య నోరెళ్లబెట్టె. "నా పెండ్లాం రెండుమాట్లు వచ్చెనమ్మా! నీ ఇంటికి తాళముండె!"

నవ్వాల్నా ఏడ్వాల్నా చెప్పు? సుబ్బయ్య పెండ్లాం లోపలికి పొయి కుంకుమ తెచ్చె. ఆ కొడుక్కి తల నెరిసె, ఇప్పుడు పెట్టె ఆయమ్మకు బొట్టు. ఓబులమ్మ నొసలు ముందుకు పెట్టె.

నువ్వు సల్లగుండల్ల తల్లీ. ఏమన్నా తప్పు చేస్తే ఆ పొద్దే చెప్పేయ్, నా మాదిరి మోయొద్దు...