కాలువ నోటి మట్టి

రామచంద్రరావు గారి ఆయిల్ ఇంజను పాడుచేశాడని యలమంద మీద పెట్టిన కేసులో, 1949 మే నెలలో, నూజివీడులో మేజిస్ట్రేటు గారి ఎదుట సాక్షి ప్రమాణం చేసి చెప్పినది.

నా పేరు బత్తుల గంగరాజు. తండ్రి పేరు వీరాస్వామి. వయసు అరవై ఎనిమిదో, డెబ్బయ్యో. కాపురం చాట్రాయి. మా వాగు నీళ్ళను తోటల కాలువలోకి వదలడం, కట్టడం నా పని. ముద్దాయి యలమంద చేపలు పట్టుకుని బతుకుతాడు. నాకు చుట్టం కాడు.

వేసవిలో వాగు ఎండిపోయి పెద్ద మడుగు ఒక్కటే మిగులుతుంది. అందులో గేదె రాయి అని ఒక బండ ఉంది. నీళ్ళు దిగి దాని వీపు బయటపడిన రోజున కాలువ నోరు మూసేస్తాం. ఆ మిగిలిన నీళ్ళు చేపలవి. వానలు పడ్డాక ఆ చేపలే ఎదురెక్కి చెరువులకూ పొలాలకూ పోతాయి. అందాకా యలమంద కూడా అక్కడ వల వేయడు. మూసే రోజున తోటలవాళ్ళంతా వచ్చి తలా ఒక ముద్ద మట్టి పెడతారు. తన చేత్తో పెట్టిన మట్టిని ఇంతవరకు ఎవరూ తీయలేదు.

ఈ ఏడు ఉగాది వెళ్ళిన నెలకు బండ బయటపడింది. కొత్తగా తోట కొన్న రామచంద్రరావు గారు కూడా వచ్చి, చేతులు తడుపుకుని మట్టి పెట్టారు. తర్వాతి సోమవారం ఉదయం మడుగు ఒడ్డున నీళ్ళు తోడే ఇంజను దింపించి, దాని గొట్టం మడుగులోకి వేయించారు. ఆయన మామిడి అంట్లు నిజంగానే ఎండిపోతున్నాయి. ఆకులు వాలిపోయాయి. అదీ నేను చూశాను.

"అయ్యగారూ, మీరూ మట్టి పెట్టారు కదండీ" అన్నాను.

"కాలువ తీయనని పెట్టానయ్యా గంగరాజూ. తీశానా? వెళ్ళి చూసుకో" అన్నారు.

వెళ్ళి చూశాను. తీయలేదు. తిరిగొచ్చి మడుగు ఒడ్డున కూర్చున్నాను.

ఇంజను నడిపే ఆంజనేయులు, గొట్టంలో చేపలు పడి నలుగుతున్నాయని, ఒడ్డునే ఉన్న యలమంద మీద విసుక్కున్నాడు. "ఒరే యలమందా, మీ చుట్టాలు గొట్టంలో దూరుతున్నార్రా. కంపు చంపేస్తోంది. ఓ బుట్ట ఇటు పడెయ్" అన్నాడు.

"మా చుట్టాలకి కాసిని నీళ్ళుంచవయ్యా, బుట్టేం ఖర్మ, నా వల కూడా ఇస్తాను" అన్నాడు యలమంద. అని చేపల బుట్ట ఇచ్చాడు. దాన్ని గొట్టం మూతికి తాడుతో కట్టింది ఆంజనేయులే. నేను ఒడ్డునే ఉన్నాను. చూశాను.

మధ్యాహ్నానికి నీళ్ళు తగ్గి, నాచూ బురదా ఆ బుట్టకు పట్టేశాయి. గొట్టంలోకి నీళ్ళు రావడం ఆగింది. ఇంజనును చల్లబరిచేవి కూడా ఆ నీళ్ళే. ఆంజనేయులు తుమ్మచెట్టు కింద నిద్రపోతున్నాడు. ఇంజను వేడెక్కి, పట్టేసి, ఆగిపోయింది. రామచంద్రరావు గారు వచ్చి అడిగితే, బుట్ట యలమంద కట్టాడని ఆంజనేయులు చెప్పాడు.

"కాదండీ" అన్నాను. నా గొంతు చిన్నది. ఎవరూ ఇటు తిరగలేదు. సాయంత్రం పోలీసులు వచ్చినప్పుడు కూడా కాదండీ అన్నాను. అప్పటికే యలమంద చేతులు వెనక్కి కట్టి తీసుకుపోతున్నారు. "పెద్దయ్యా, మడుగు చూస్తుండు" అన్నాడు వాడు నాతో.

చూస్తూనే ఉన్నాను. మర్నాడు వేరే ఇంజను తెచ్చారు. దానికి బుట్ట కట్టలేదు. శుక్రవారానికి మడుగులో బురద మిగిలింది. గేదె రాయి మొదలంటా కనిపించింది. దాని మొదలు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కొర్రమీనులు బురదలో నోళ్ళు తెరుస్తున్నాయి. కుండతో నూతినీళ్ళు తెచ్చి పోశాను. ఇంకిపోయాయి. మళ్ళీ తెచ్చి పోశాను. ఇంకిపోయాయి.

యలమంద వచ్చి మడుగేదని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. వాణ్ణి వదిలితే కదండీ అడిగేది.

ఇక్కడికి బయలుదేరే ముందు కాలువ నోరు మళ్ళీ చూశాను. మట్టి చెదరలేదు. ఎండి గట్టిపడింది. పెట్టినవాళ్ళ వేళ్ళ గుర్తులు అట్లాగే ఉన్నాయి. రామచంద్రరావు గారివి కూడా.

రాసింది నాకు చదివి వినిపించారు. కళ్ళతో చూసింది, చెవులతో విన్నది తప్ప ఇందులో నేను కలిపిందేమీ లేదు. ఇది నిజమని నా చేత్తో సంతకం పెడుతున్నాను.

(వ్రాలు) బత్తుల గంగరాజు