చెవి మిషన్‌కు పడని ఫోన్

హలో… ఆ, నేనే.

లచ్చన్ననే… నీ మొగుణ్ణే నీలా, ఇంకెవరు? … నంబర్ కొత్తగుందా? గిది మన ఆర్మూర్‌ల ప్రేమ్‌చంద్ సేటు సెల్‌ఫోన్ల దుకాణం. ఆయన ల్యాండ్‌లైన్ కెల్లి మిస్డ్‌కాల్ ఇచ్చిన.

ఏం కాలే. పానం మంచిగనే ఉంది. … తిన్న. … తిన్ననంటున్న గద.

కోపంగున్నవా?

…

ఉన్నవ్. గొంతుల తెలుస్తుంది.

పొద్దుగాల జక్రాన్‌పల్లి నుంచి మీ అక్క రత్నవ్వ వచ్చింది, పసుపు అమ్మనీకి. మార్కెట్ల నన్ను పట్టుకొని చెవికాడ నోరు పెట్టి ఒర్రింది — నా చెల్లె ఇంటికొస్తనంటె వద్దంటివట, పట్నంల గా ఆడపిల్లల హాస్టల్ల ఇంకో ఏడాది ఒండిపెట్టమంటివట అని. … హమాలోళ్లు బస్తాలు నెత్తిమీదనే పెట్టుకొని చూసిండ్రు. కుప్పల మీది పిట్టలు సుత లేసిపోయినయి.

నవ్వినవా? … నవ్వినవ్.

నీలా, నేను గట్ల అనలే.

… "ఆ" అన్న. నిజమే. "ఇంకో ఏడాది ఈడ్నే ఉండాల్నా" అని నువ్వడిగితె "ఆ" అన్ననట. …

నాకు ఇనబడలే.

… ఏదీ ఇనబడలే. గా ఒక్క రోజే కాదు. కొత్త ఫోన్ కొన్నకాన్నుంచి.

లేదు, చెవి మిషన్ చెడిపోలే. ఎదురుంగ మాట్లాడితె ఇనబడుతుంది. గా కొత్త ఫోన్ దగ్గరికి తెస్తె చాలు, మిషన్ల బర్‌ర్‌ర్… పసుపు పాలిష్ డ్రమ్ము తిరిగినట్టె. … ఆ, ఇన్నేండ్లు దాని పక్కన పనిజేస్తె నా చెవులు తిన్న డ్రమ్మే. మల్ల లోపలికొచ్చి కూసున్నట్టుంది. … తీసేస్తె? తీసేస్తె అసలే ఇనబడదు.

పాతదాంట్ల గా లొల్లి లేకుండె. … ఎందుకిచ్చిననా? మీటలు అరిగినయని. ఈడ మేళా పెట్టిరి, పాతది డబ్బల ఏస్తె కొత్తది తక్కువకిస్తమని. లైన్ల నిలబడి మరీ ఏసొచ్చిన.

మల్ల తీసుకుందమని వచ్చిన. అప్పటికే పోయినయట. సంచులల్ల కట్టి పట్నం తోలిండ్రట. ఆడ పగలగొట్టి రాగి తీస్తరట, చిటికెడు బంగారం సుత ఎల్తదట. … ఆ, ఫోన్లనే. నాకేం ఎరుక? నాకు దాంట్ల నీ మాట ఇనబడుతుండె, గంతే.

… సిగ్గయింది. నీ జీతంతోని కొన్న ఫోన్. పనికిరాదని ఎట్ల చెప్పాలె?

ఎట్లనంటె… నువ్వు ఫోన్ జేస్తవ్. మోగకముందే మిషన్ల బర్‌ర్ మంటది. నువ్వే అనుకుంట. ఎత్తుత. యాడ ఆగినవనిపిస్తె ఆడ "ఆ" అంట, "ఊ" అంట. … ముందుగూడ గంతే మాట్లాడేటోన్ని గద. గందుకే నీకు తెల్వలే.

…

ఏడ్వకు. … ఏడుస్తున్నవ్ నీలా, ఇనబడుతుంది. గీ ఫోన్ల అన్ని ఇనబడుతున్నయి. నీ ఎనుక ఎవరో గిన్నెలు తోముతున్నరు గద? … అగో.

ఇప్పుడడుగు. గా మాట మల్ల అడుగు.

… లేదు, అడుగు.

… వద్దు. ఉండొద్దు. రా.

… ఆ, దుకాణంల మంది ఉన్నరు. ఇననియ్. ఇంటికి రా. పొద్దంత నాతోని మాట్లాడేటోళ్లు లేరు. మిషన్ పనిచేస్తుందా లేదా అని ఇంట్ల నిలబడి నీ పేరు పిలిచి చూసుకుంటున్న.

…

ఏమన్నవ్? … హాస్టలోళ్లకు మాటిచ్చినవా? … కొత్తామె పనికొస్తె ఆమెను వాపస్ పంపిండ్రా, నువ్వుంటనన్నవని…

వచ్చే ఏడు పరీక్షలయ్యేదాంక.

… ఊ.

… నీ మీద కోపమేంది. ఆడపిల్లలు, ఆకలితోని ఉంటరు. ఎట్ల ఇడిసొస్తవ్.

సేటు అంటుండు, కొన్ని ఫోన్లు చెవి మిషన్‌కు పడతయట. డబ్బ మీద ఎమ్ అని ఉండి, పక్కన మూడో నాలుగో ఉంటదట. ఈడ లేవు. పట్నంల అడుగు. … ఆ, తొందరేం లేదు.

… ఉంది. తొందరుంది నీలా.

బ్యాలెన్స్ అయిపోతుందా? … కానియ్. అయ్యేదాంక మాట్లాడు. … ఏదన్న. ఇయ్యాల ఏమొండినవో చెప్పు.

… ఊ. … గంత పప్పా? … ఊ. … ఇంటున్న. … మల్ల? …

…

హలో? … నీలా?

… కట్ అయింది సేటు. … ఆగు, జర ఉండనియ్. టుయ్ టుయ్ అంటుంది. గది సుత మంచిగ ఇనబడుతుంది.