ఆవిడను ఒంటరిగా అడగాలి

పెన్షన్ ఆఫీసు మేడ మీద చిన్న గది. బల్లకు ఒకవైపు ఆమె. ఎదురుగా, ఆమె భర్త దగ్గర ఒకప్పుడు చదువుకున్న ఆఫీసరమ్మ. భర్త బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు మూసి ఉంది.

"మళ్ళీ చెప్పమ్మాయ్. నెమ్మదిగా చెప్పు. నాకు సరిగ్గా వినపడలేదు."

"వినపడిందమ్మా మీకు. అయినా చెప్తాను. సార్ ఒంటి పెన్షన్ ఎంచుకున్నారు. ఆయన ఉన్నన్నాళ్ళూ కాస్త ఎక్కువ వస్తుంది. ఆయన తరవాత ఏమీ రాదు."

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీ రాదమ్మా. మరుసటి నెల నుంచి ఆగిపోతుంది."

"నాక్కూడా?"

"మీ గురించే చెప్తున్నాను."

"జంట పెన్షన్ అని ఒకటుండాలే. ఆయన కాస్త తక్కువ తీసుకుని, ఆయన తరవాత సగం భార్యకి..."

"ఉంది. సార్ దాని జోలికి వెళ్ళలేదు."

"పొరపాటున పెట్టుంటారులే టిక్కు. కళ్ళజోడు మార్చాలి మార్చాలి అని ఏడాదిగా అంటున్నారు. మొన్న టూత్‌పేస్టు అనుకుని నా కాళ్ళ పగుళ్ళ మందు రాసుకున్నారు బ్రష్షుకి."

"నేనూ పొరపాటే అనుకున్నాను. ఫోన్ చేసి అడిగాను. ‘పొరపాటేం లేదు, నువ్వు నీ పని చూసుకో’ అన్నారు."

"అలాగన్నారా?"

"అలాగే అన్నారు."

"మరి నన్నెందుకు పిలిచావు?"

"పిలవాలి కదమ్మా. ఆయన రాసిన రూలే. మొగుడు ఒంటిది ఎంచుకుంటే ఆయన్ని బయట కూర్చోబెట్టి, ఆవిడను ఒంటరిగా అడగాలి. ఏం వస్తుందో ఏం రాదో నోటితో చెప్పాలి. ఆవిడ దాన్ని మళ్ళీ తన మాటల్లో చెప్పాలి. అప్పుడే సంతకం. ఇంట్లో పెట్టించుకొచ్చిన సంతకం చెల్లదు. ఈ రూలు పుణ్యమా అని ఎంతమంది ఆడవాళ్ళు ఈ గదిలోంచి తల ఎత్తుకుని వెళ్ళారో మీకు తెలీదు."

"తెలుసు. ఆ రూలు ఆయనది కాదు."

"అదేంటమ్మా? అంతా సార్ రూలనే అంటాం ఇక్కడ."

"నాది. పెళ్ళైన కొత్తలో, బట్టల మిల్లు వాడల్లో తిరిగేవారాయన. మొగుళ్ళు పోయాక ఆడవాళ్ళు ఎలా బతుకుతున్నారో లెక్క తీయాలని. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి పెన్నూ పేపరూ పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఏ ఆడది నోరు విప్పుతుంది చెప్పు? తలుపు వెనకనుంచి ‘బానే ఉన్నామండీ’ అనేది. ఈయన ‘బాగానే ఉన్నారు’ అని రాసుకునేవారు. ఆ లెక్కన ఊరు ఊరంతా సుఖంగా ఉంది."

"సార్ అలా రాసుకున్నారా?"

"రాసుకోరూ? చెప్పింది రాసుకునే మనిషి. ఒకరోజు ఎండలో ఆయనకి మంచినీళ్ళు తీసుకెళ్ళాను. ఒకింటి దగ్గర ఆయన్ని బయట మెట్టు మీద కూర్చోమని, నేను లోపలికెళ్ళి ఆ ఇంటావిడ ఆరేసిన బట్టలు తెస్తుంటే పక్కన కూర్చుని మడతపెట్టాను. మడతపెడుతూ అడిగాను, మీ ఆయన పోయాక నీకేం వస్తోందమ్మా అని. అప్పుడు ఊడిపడింది అసలు సంగతి. రిటైరైన రోజున మొగుడు ఏదో కాగితం తెచ్చి వేలిముద్ర వేయమన్నాడు. వేసింది. దేనికని అడగలేదు. మొగుణ్ణి అడుగుతామా ఏంటండీ అంది. వీధి వీధంతా అదే పాట."

"ఈ కథ సార్ క్లాసులో చెప్పేవారు. బట్టలు మడతపెట్టటం కూడా చెప్పేవారు. ‘మా పరిశోధన సహాయకురాలు ఒకామె’ అని..."

"ఒకామె అన్నారా?"

"టీ తెప్పించనా అమ్మా?"

"చెప్పమ్మాయ్. ఒకామె అన్నారా, మా ఆవిడ అన్నారా?"

"పాత సంగతమ్మా. నాకు సరిగ్గా గుర్తులేదు."

"గుర్తుంది నీకు. పోనీలే. ఆ తరవాత ఏ ఊరెళ్ళినా నన్ను తీసుకెళ్ళారు. లోపల నేను, బయట ఆయన. మేం తెచ్చిన లెక్కలతో ఆయన రాసిన రిపోర్టుని పైవాళ్ళు ఒకసారి కాదు, రెండుసార్లు విసిరికొట్టారు. నువ్వు ఆర్థికశాస్త్రం చదివావా, ఆడవాళ్ళ సంఘం పెట్టావా అని నవ్వారు. మూడోసారికి గానీ రూలు చేయలేదు. బీమా కంపెనీ వాళ్ళు పెద్ద జీతమిస్తామని కారు పంపితే, ఆ కారుని ఖాళీగా తిప్పి పంపారు. నేనూ సరేనన్నాను. నేను పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుని నెట్టుకొచ్చాను. సొంతిల్లు లేదు. కడుపున పుట్టినవాళ్ళు లేరు. నాకంటూ ఒక ఉద్యోగం లేదు, నా పేరున పెన్షన్ లేదు. ఇదంతా నీకెందుకు చెప్తున్నాను?"

"చెప్పండమ్మా. పరవాలేదు."

"రేపు ఆయనకేమన్నా అయితే? ఆ తరవాత మార్చుకోవటానికి కుదురుతుందా?"

"కుదరదు. ఇవాళ మీరు సంతకం పెడితే ఇంక అంతే. అలాంటి మాటలెందుకమ్మా, సార్‌కేం?"

"ఊరికే అడిగాను. సంతకం పెట్టకపోతే?"

"జంట పెన్షనే ఖాయమవుతుంది. మీరు ‘ఒప్పుకోను’ అంటే చాలు. కారణం కూడా చెప్పక్కర్లేదు. ఇప్పుడు మీ మాటల్లో మీరొకసారి చెప్పాలి, ఏం అర్థమైందో."

"రాసుకో. ఆయన పోయిన మర్నాడు ఈవిడ రోడ్డు మీద."

"అలా రాయటానికి చోటు లేదమ్మా ఇందులో."

"అయితే ఆయన్ని లోపలికి పిలు."

"కూడదమ్మా. మిమ్మల్ని ఒంటరిగానే..."

"రూలు నాదని చెప్పానుగా. పిలు."

తలుపు తెరుచుకుంది. ఆయన లోపలికి వచ్చాడు, కానీ కూర్చోలేదు.

"ఏంటమ్మా ఇది? నన్ను లోపలికి రానివ్వకూడదు కదా. నువ్వే ఇలా చేస్తే కిందివాళ్ళేం చేస్తారు?"

"అమ్మగారు పిలవమన్నారు సార్."

"కూర్చోండి."

"అయిపోయిందా? పద మరి. ఎండెక్కితే బస్సులో ఊపిరాడదు."

"ఎందుకిలా చేశారు?"

"ఏది?"

"ఏదో మీకు తెలీదా?"

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడి వచ్చారా మీరు? ఈ అమ్మాయి చెప్తే తెలిసింది నాకు. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఇలా జరక్కూడదని తిరిగిన మనిషి భార్యకి, ఈ కుర్చీలో కూర్చున్నాక తెలిసింది."

"సార్, నేను కాసేపు బయట ఉంటాను..."

"నువ్వు కదలకమ్మాయ్."

"ఆమెని వెళ్ళనీ."

"ఉండనీండి. మీ దగ్గర చదువుకుంది కదా, ఇది కూడా నేర్చుకోనీండి. చెప్పండి, ఎందుకు?"

"లెక్క వేశాను."

"ఏం లెక్క?"

"మన లెక్క. చెప్పినా నీకు..."

"అర్థం కాదంటారా? మీ లెక్కల్లోకి మనుషుల్ని తెచ్చింది నేను. అర్థమవుతుంది. చెప్పండి."

"జంట పెన్షన్ ఎప్పుడు లాభం? ఆయన ముందు పోయి, ఆవిడ తరవాత చాలాకాలం ఉంటే. ఆవిడే ముందు పోతే నెలనెలా కోయించుకున్నదంతా నష్టం. ఇది ఎవరికైనా తెలిసిందే."

"ఆవిడ."

"ఊఁ?"

"ఆవిడ అంటున్నారు. ఇక్కడ కూర్చున్నది నేనండీ."

"మాటవరసకి అన్నాను."

"అంటే నేను ముందు పోతానని లెక్క వేశారు. మాట్లాడండి."

"సార్, కాసిని మంచినీళ్ళు..."

"నాకేం వద్దు."

"నేను ముందు పోతానని ఎవరు చెప్పారు మీకు? కలొచ్చిందా?"

"ఒకరు చెప్పాలా? నాకు కళ్ళు లేవా?"

"ఏం కనబడింది ఆ కళ్ళకి?"

"ఈ అమ్మాయి ముందు నాచేత అనిపించకు."

"అనండి. నేను సిగ్గుపడాల్సిందేం చేయలేదు."

"చెల్లెలింటికని చెప్పి వెళ్ళేదానివి ఈమధ్య. మీ చెల్లెలేమో ‘అక్క మా ఇంటి గుమ్మం తొక్కటమే మానేసింది, కోపమొచ్చిందా బావా’ అని నాకే ఫోన్ చేసింది. నేనేం చెప్పను దానికి? ఆ మర్నాడు నీ వెనకాలే బస్సెక్కాను."

"నా వెనకాల వచ్చారా మీరు?"

"వచ్చాను. నువ్వు ముందు సీట్లో ఉన్నావు, నేను వెనకాల నిలబడ్డాను. పెద్దాసుపత్రి దగ్గర దిగావు. క్యాన్సర్ వార్డు మెట్లెక్కావు. చాలాసేపటికి బయటికొచ్చి, గోడ పక్కకి తిరిగి, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చావు. నేను రోడ్డుకి అవతల పళ్ళకొట్టు దగ్గరున్నాను."

"చూశారు."

"చూశాను."

"చూసి?"

"చూసి ఏం చేస్తాను?"

"రోడ్డు దాటి రావచ్చుగా."

"నువ్వు నా దగ్గర దాస్తుంటే, నేనొచ్చి..."

"దాటి వచ్చి, ‘ఏమైందే’ అనొచ్చుగా. ఒక్క మాట. మీరు తీసుకెళ్ళిన ప్రతి ఇంట్లో నాచేత అడిగించారు, ఏమైందమ్మా, ఎలా ఉన్నావమ్మా అని. మీ ఇంట్లో మీరు అడగలేకపోయారు."

"నువ్వే చెప్తావని చూశాను. వారం చూశాను. ఆ పై వారం చూశాను. నువ్వు చెప్పలేదు. గడువు దగ్గరికొచ్చింది. ఇంక నేనేం చేయను? తెలిసినదాన్నిబట్టి లెక్క వేశాను. మందులకి డబ్బు కావాలి. ఒంటిదైతే నెలనెలా ఎక్కువ చేతికొస్తుంది, నిన్ను మంచి డాక్టరుకి చూపించొచ్చు. నువ్వు... ఆ తరవాత ఆ సగం వాటా ఎవరికోసం? ఊరికే వదులుకోవటమే కదా. నా స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు."

"అమ్మాయ్, లెక్క సరిగ్గానే వేశారా మీ సారు?"

"నన్నడక్కండమ్మా."

"అడుగుతున్నాను. చెప్పు."

"సార్ అనుకున్నదే నిజమైతే... లెక్కలో తప్పులేదమ్మా."

"తప్పులేదట. సంతోషించండి."

"వెటకారం వద్దు. నీకోసమే చేశాను ఇదంతా."

"నాకోసం చేసేవాళ్ళు నాతో చెప్తారు. మీరు నన్ను ముందే సాగనంపేసి, మిగిలినదానికి లెక్క చూసుకున్నారు."

"అంత మాటనకు."

"ఇంకేమనమంటారు? ఈమధ్య సాయంత్రాలు పక్కన కూర్చుని నా కాళ్ళు పడుతున్నారు. ఎప్పుడూ లేంది ఈయనకి ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని మురిసిపోయాను నేను. పక్కింటావిడతో చెప్పుకున్నాను కూడా, రిటైరయ్యాక మనిషి మారిపోయారని. పోయేదానికి చేస్తున్న సేవా అది?"

"ఛ."

"నా మొహం చూసి చెప్పండి, కాదని. కిటికీ వైపు కాదు, నా వైపు. చూడలేరు."

"సరే. నాది తప్పే. నేను అడగాల్సింది. అడగలేదు. ఎలా అడగాలో తెలీలేదు. అయిందా? ఇప్పుడు సంతకం పెట్టు. గడువు ఇవాళ్టితో ఆఖరు. కోపం నామీద చూపించు, వైద్యం మీద చూపించకు."

"నేను పెట్టను."

"మొండిపట్టు పట్టకు. నాకేమవుతుందనే కదా నీ భయం? నాకేం, రాయిలా ఉన్నాను. ఆమధ్య చేయించిన పరీక్షలన్నీ శుభ్రంగా ఉన్నాయి. రిపోర్టులు తెచ్చి, అన్నీ బాగున్నాయని నువ్వే కదా చెప్పావు. ఇంకో ఇరవై ఏళ్ళుంటాను. నిన్ను చూసుకోవటానికే ఉంటాను."

"పెట్టను."

"ఎందుకు? కారణం చెప్పు."

"సార్, రూలు ప్రకారం అమ్మగారు కారణం చెప్పక్కర్లేదు."

"నువ్వుండమ్మా. రూలు నాకు చెప్పకు. జీవితమంతా ఇదే పని చేశాను, నా లెక్కలో తప్పెక్కడుందో చూపించమను. చూపిస్తే ఇప్పుడే మారుస్తాను."

"వద్దండీ. జంటది రాయించుకుని ఇంటికెళ్ళిపోదాం. మీరన్నట్టు ఎండెక్కుతోంది."

"మాట మార్చకు."

"పదండి. దోవలో ఏదైనా తిందాం. పొద్దున కూడా సరిగ్గా తినలేదు మీరు."

"చూపించలేవు. చూపించలేకే ఇలా..."

"వద్దంటున్నానా?"

"చూపించు ముందు. ఎక్కడుంది తప్పు?"

"ఏవండీ. ఆ వార్డులో నా పేరున చీటీ కూడా లేదు. డాక్టరు నన్ను పిలిపించింది మీ రిపోర్టులు చూపించటానికి."